మా ఇంటి పాస్‌వర్డుల ఫైలు

టైం ఆఫీసులో నా పక్క కుర్చీలో పన్నెండేళ్లుగా కూర్చుంటున్న మనిషి, ఒక మార్చి నెల పొద్దున పని చేస్తూ చేస్తూ పెన్ను కింద పడేసుకున్నాడు. వంగి తీసుకోబోయి, పెన్నుకు బదులు కుర్చీ కాలు పట్టుకున్నాడు. "ఏమైందన్నా?" అంటూ నేను లేచేసరికి మూతి ఒక పక్కకు లాగేసింది. నా వైపు చూస్తున్నాడు గానీ మాట రావడం లేదు.

గోదావరిఖనిలో బొగ్గు బాయి మీద ఎవరు ఏ షిఫ్టుకు దిగారు, ఎవరు దిగలేదు అని రాసుకునే చోటు మాది. మొదటి షిఫ్టు దిగిపోయింది, జనం పలచబడ్డారు. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్ రూంలో ఉన్న ఇద్దరిని కేకేసి, ముగ్గురం మోసుకుపోయి జీపులో పడుకోబెట్టాం. పావుగంటలో దవాఖానకు చేరాం. పక్షవాతమని డాక్టరుకు చూడగానే తెలిసిపోయింది. అయితే ఆయన మొదట అడిగింది ఒక్కటే. "ఈయన రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నాడా? అది తెలియకుండా నేను సూది వేయలేను."

అన్నకు రెండేళ్ల కింద గుండెకు స్టెంటు పడిందని నాకు తెలుసు. ఏ మందులు మింగుతాడో మాత్రం తెలియదు. అప్పటికే అన్న భార్య, వదిన, ఆటోలో వచ్చింది. ఆమెకూ తెలియదు. "డాక్టరు రాసిన చీటీలన్ని ఫోన్ల ఫోటో తీసి పెట్టుకుంటడు. కాయితాలు ఇంట్ల ఉంచడు" అంది. అన్న ఫోను నా జేబులోనే ఉంది, తీసి ఆమెకిచ్చాను. కింద పడ్డప్పుడు ఆగిపోతే నేనే మళ్లీ ఆన్ చేశాను. అట్లా ఆగి మళ్లీ ఆన్ చేసిన ఫోను వేలిముద్రకు తెరుచుకోదట. తొమ్మిది చుక్కల మీద గీత గీయాలె.

వదిన దాన్ని మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "నువ్వు పక్కనే కూసుంటవు గద తమ్మీ. రోజుకు యాభై సార్లు తీస్తడు. ఎట్ల గీస్తడో నీకు తెల్వదా?"

నిజమే, పన్నెండేళ్లుగా చూస్తున్నాను. ఆ బొటనవేలు పైకి పోయి, పక్కకు తిరిగి, కిందికి జారడం కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. గీయబోతే రాలేదు. ఐదు సార్లు తప్పు గీశాక ఫోను అరనిమిషం ఆగమంది. మళ్లీ ఐదు సార్లు. వదిన నా వేలునే చూస్తోంది. చివరికి ఎవరో చెబితే, అన్న ఎప్పుడూ మందులు కొనే షాపుకు ఫోన్ చేశాం. షాపు ఆయన పాత బిల్లు వెతికి పేర్లు చదివాడు. డాక్టరు తల ఊపి లోపలికి పోయాడు. ఈ మొత్తానికి అరగంట పట్టింది.

అన్న బతికాడు. కుడిచెయ్యి సత్తువ తగ్గింది. మాటలు ఒక్కొక్కటే తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు మళ్లీ డ్యూటీకి వస్తున్నాడు, ఎడమచేత్తో టీ తాగుతాడు. కానీ ఆ అరగంట నన్ను వదల్లేదు. స్కూటర్ మీద ఇంటికి వస్తూ ఒకటే ఆలోచన. పెన్ను పడేసుకున్నది నేనైతే? మా ఇంటామె ఎవరి చేతిలో పెట్టేది ఫోను?

మా ఇంట్లో పాస్‌వర్డులంటే నావే అని నా నమ్మకం. కొన్ని నా బుర్రలో, కొన్ని పాత డైరీ వెనక పేజీల్లో, మిగిలినవి లాప్‌టాప్‌లోని బ్రౌజరు గుర్తుపెట్టుకున్నవి. జీతం చీటీ చూసే సైటు, పీఎఫ్, బ్యాంకు, దవాఖాన కార్డు, రైలు టికెట్లు, బిడ్డ కాలేజీది. ఇంట్లోకి కూరగాయలు ఆమె తెస్తుంది, లోకంతో ఇంటికి పడే లంకెలన్నీ నేను చూస్తాను. ఇలా పంచుకున్నామని నేను అనుకున్నాను. ఎప్పుడు పంచుకున్నామో, ఎవరు ఒప్పుకున్నారో నాకు గుర్తులేదు.

ఆ వారం జీఎం ఆఫీసు కంప్యూటర్ సెక్షన్ నుంచి ఒక అమ్మాయి హాజరు మిషను బాగుచేయడానికి వచ్చింది. అన్న సంగతి విని, "పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి సార్" అంది. అన్ని పాస్‌వర్డులూ అందులో పడేస్తే, దాని ఒక్కదాని పాస్‌వర్డు గుర్తుంటే చాలట. ఒక్కొక్కటీ ఎక్కించాల్సిన పని లేదు, ఎక్సెల్‌లో షీటు తయారుచేసి ఒకేసారి లోపలికి పంపొచ్చట. ఎక్సెల్ అనగానే నాకు ధైర్యమొచ్చింది. పదిహేనేళ్లుగా షిఫ్టు లిస్టులు అందులోనే చేస్తున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పని అనుకున్నాను.

ఆదివారం అన్నాలు తిన్నాక లాప్‌టాప్ ముందర కూర్చున్నాం. కూలరు మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాం. మొదటి వరుసలో ఆ ప్రోగ్రాం అడిగిన పేర్లే, అది అడిగిన వరుసలోనే ఇంగ్లీషులో పెట్టాలె. సైటు పేరు, దాని అడ్రసు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్, చివర నోట్సు. అక్షరం తేడా వచ్చినా తీసుకోదు. డైరీ చూసి ఆమె చదవాలె, నేను కొట్టాలె.

"పెద్ద ఎస్సు, చిన్న ఆరు, ఇదేంది, ఒకటా, చిన్న ఎల్లా?"

"ఒకటే అయి ఉంటది."

"అయి ఉంటదంటె ఎట్ల? మీరు రాసిందే గద."

నా రాత నాకే అర్థం కాలేదు. లాగిన్ అయి చూస్తే అది ఎల్లు. ఇట్లాంటివి నాలుగు దొరికాయి. రెండు పాస్‌వర్డులు ఎప్పుడో మార్చి డైరీలో మార్చలేదు. ఇంకొకటి సమాన గుర్తుతో మొదలయ్యేది. అది కొట్టగానే ఎక్సెల్ దాన్ని లెక్క అనుకుని తప్పు చూపించింది. పదిహేనేళ్ల అనుభవం ఉన్నా, పాస్‌వర్డుల నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలని నాకు తోచలేదు.

అది కూడా ఆమె పట్టుకుంటేనే తెలిసింది. దవాఖాన కార్డు నంబరు చదివింది, నేను కొట్టాను. తెర వైపు వంగి చూసి, "ముంగట సున్న ఏది?" అంది.

"ఎక్సెల్ తీసేస్తది. ముందు సున్నకు విలువ లేదు."

"లెక్కల్ల ఉండకపోవచ్చు. ఇది లెక్క కాదు గద, కార్డు పేరు. పేరుల మొదటి అక్షరం తీసేస్తె మనల్ని ఎవలు గుర్తుపడ్తరు?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె డైరీ వైపే చూస్తోంది. ఆ నిలువు వరుస మొత్తం టెక్స్ట్‌గా మార్చి మళ్లీ కొట్టాను. సున్న నిలబడింది.

నావి అయిపోయేసరికి మూడు దాటింది. దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలి కిటికీ అద్దాలు ఒకసారి అదిరాయి. ఆమె లేచి కిటికీ గొళ్లెం బిగించి వచ్చి, "ఇగ నాయి రాయుండ్రి" అంది.

"నీయి ఏమున్నయి?"

అడగ్గానే ఆ ప్రశ్న బాగాలేదని నాకే అనిపించింది. ఆమె డైరీ మూసి పక్కన పెట్టి, చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది. గ్యాసు బుకింగు, మహిళా సంఘం, మంథనిలో ఉండే వాళ్లమ్మ పింఛను, రేషను కార్డు, వాళ్లమ్మకు కంటి ఆపరేషను చేసిన దవాఖాన, బిడ్డ హాస్టలు. ఇట్లాంటివి మొత్తం తొమ్మిది. ఏ అక్షరం పెద్దదో ఏది చిన్నదో తడుముకోకుండా చెప్పింది. బిడ్డ హాస్టలు సైటు అనేదొకటి ఉందనే నాకు తెలియదు. వరంగల్‌లో బిడ్డ రూం మారిందని, గేటు పాసు తల్లి ఒప్పుకుంటేనే వస్తుందని అప్పుడే తెలిసింది.

"ఇంకేమన్న ఉన్నయా?"

"ఉంటె నేనే చెప్త" అని లేచి టీ పెట్టడానికి పోయింది.

ఆ గురువారం ఆమె వాళ్ల అక్క ఇంట్లో పెళ్లిచూపులుంటే మంథని పోయింది. శుక్రవారం నాకు సెలవు. బ్రౌజరులో మిగిలినవి కూడా తీసి కలిపితే ఫైలు పూర్తవుతుందని కూర్చున్నాను. బ్రౌజరు తను దాచుకున్నవన్నీ ఒకే ఫైలుగా ఇస్తుంది. తెరిచి చూస్తే అరవై చిల్లర వరుసలు. ఇన్నాళ్లు చుక్కల వెనక దాక్కున్నవన్నీ బట్టబయలై కనిపిస్తుంటే, మనది మనం చూసుకోవడానికే కొంచెం సిగ్గనిపిస్తుంది. సగం పనికిరానివి. ఎప్పుడో ఒకసారి చెప్పులు కొన్న సైటు, బంద్ అయిపోయిన జాబ్ నోటిఫికేషన్ల సైటు. ఒకటే రెండు మూడు సార్లున్నవి కలుపుతూ, పాతవి తీసేస్తూ కిందికి వస్తున్నాను.

నలభయ్యో వరుసకు దగ్గర్లో ఓపెన్ యూనివర్సిటీ అడ్రసు ఒకటుంది. యూజర్ నేమ్ దగ్గర ఒక అడ్మిషన్ నంబరు. బిడ్డ ఏదో కోర్సుకు పెట్టి వదిలేసి ఉంటుందనుకుని తీసేయబోయాను. పాస్‌వర్డు మీద కన్ను పడింది. ఇంగ్లీషు అక్షరాలలో రాసిన తెలుగు. కలిపి చదవడానికి ఒక నిమిషం పట్టింది.

నవ్వితే నవ్వనీ. చివర ఒక అంకె.

ఎవరిదో ఆ మాటతోనే అర్థమైంది. కానీ నేను ఆగలేదు. ఇక్కడ నన్ను నేను మంచిగా చూపించుకుంటే ఇది రాయడం దండగ. ఆమెకు ఫోన్ చేసి అడగొచ్చు. సాయంత్రం దాకా ఆగొచ్చు. నేను ఆ సైటు తెరిచి, ఆ నంబరు వేసి, ఆ మాట వేసి లోపలికి పోయాను.

ఫోటో ఆమెదే. తెల్లగోడ ముందర నిలబడి దిగింది, మా వంటింటి గోడ. బీఏ మూడో సంవత్సరం. మొదటి రెండేళ్ల పేపర్లన్నీ పాసు. చరిత్రలో నాకు ఇంటర్‌లో వచ్చిన మార్కులకంటె ఎక్కువ. కాంటాక్టు క్లాసుల తేదీలు ఉన్నాయి, అన్నీ ఆదివారాలు. ఆ ఆదివారాలు నాకు వేరే పేరుతో గుర్తున్నాయి, సంఘం మీటింగులని. మూడేళ్లుగా ఒక మనిషి నా ఇంట్లో నాకు వండిపెడుతూ, నా టిఫిన్ డబ్బా కడుగుతూ డిగ్రీ చదువుతోంది. నేను ఏ షిఫ్టులో ఎవరు దిగలేదో మొత్తం బాయి లెక్క చెప్పగలను.

సైటు మూసేశాను. ఆ మాట మాత్రం పోలేదు. ఎవరు నవ్వారు? మొదట నిజంగానే నాకు గుర్తుకు రాలేదు. కూలరు గాలిలో కూర్చుని చాలాసేపు వెతుక్కుంటే దొరికింది. బిడ్డను ఒకటో తరగతిలో వేసిన సంవత్సరం అది. మా ఇంటికి నా దోస్తులు నలుగురు వచ్చారు, చాయ్ తాగుతున్నారు. బిడ్డ బడికి పోతే పొద్దంతా ఖాళీగా ఉంటుంది, ఇంటర్‌తో ఆపిన చదువు డిగ్రీ దాకా చదువుతా అని ఆమె అంది. గ్లాసులు తీసుకుపోతూ మామూలుగా అంది. నేను నవ్వి, "చదివి కలెక్టర్ అయితవా ఏంది?" అన్నాను. నా దోస్తులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమె కూడా నవ్వింది కాబట్టి నాకు అది గుర్తుంచుకోవాల్సిన సంగతిలా అనిపించలేదు.

సాయంత్రం బస్టాండుకు పోయి ఆమెను తీసుకొచ్చాను. దారి పొడుగునా పెళ్లిచూపుల ముచ్చట్లు చెప్పింది. పిలగాడు మంచిగనే ఉన్నడు గని వాళ్ల మేనత్త ఒకటే మాట్లాడుతదని నవ్వింది. నేను ఊ కొడుతూ వచ్చాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక చెప్పేశాను. దాచిపెట్టుకుని ఇంకో రోజు గడపడం నా వల్ల కాలేదు.

"బ్రౌజర్ల నీ డిగ్రీది కనవడ్డది."

ఆమె తల తుడుచుకుంటున్న తువ్వాల ఆగింది. "కనవడ్డదా, చూసిండ్రా?"

"తెరిచి చూసిన."

తువ్వాల మళ్లీ కదిలింది. నేనే మాట్లాడాను. మార్కులు మంచిగ వచ్చినయి, నాకు మస్తు సంతోషమైంది, నాతోని చెప్తె నేను వద్దంటనా అన్నాను. ఆ చివరి మాట అనకపోయి ఉంటే బాగుండేది.

"మీరు వద్దనరు" అంది. "వద్దంటె నేను కొట్లాడి చదువుదును. మీరు నవ్వుతరు. నవ్వితె ఎవలతోని కొట్లాడాలె?"

"అప్పుడెప్పుడో అన్న మాట..."

"ఆ మాట సంగతి ఇడిశిపెట్టుండ్రి. అది పాతది, నేనే దాన్ని పాస్‌వర్డు చేసుకున్న. రోజు కొట్టి కొట్టి దాని నొప్పి పోయింది. ఇయ్యాల్టిది చెప్పుండ్రి. నేను ఆదివారం కూసోని తొమ్మిది చెప్పిన. పదోది చెప్పలే. చెప్పలేదంటె ఏందన్నట్టు? అడుగొచ్చు గద. అడుగకుంట తాళం దీసి లోపటికి పోయిండ్రు."

"నీదని తెల్వక..."

"తెల్వకనా?"

తెలిసే తెరిచాను. ఆ ముక్క నోటితో ఒప్పుకున్నాను. ఆమె తువ్వాల దండెం మీద ఆరేసి వంటింట్లోకి పోయింది. బిడ్డకు తెలుసా అని వెనక నుంచి అడిగాను. అప్లికేషను పెట్టింది బిడ్డేనట. అన్న ఇంట్లో వదినకు తెలుసు, మంథనిలో వాళ్ల అక్కకు తెలుసు, సంఘంలో అందరికీ తెలుసు. గోదావరిఖనిలో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

మూడు రోజులు అవసరమైనంత మాట్లాడుకున్నాం. కూర ఎట్లుందంటే మంచిగుంది, పాలు వచ్చాయా అంటే వచ్చాయి. ఆ రోజుల్లో టైం ఆఫీసులో కూర్చుని నేను అన్న ఖాళీ కుర్చీ చూస్తూ ఒకటి ఆలోచించాను. నాకేమైనా అయితే ఆమెకు అన్నీ తెలియాలని కదా నేను ఈ ఫైలు మొదలుపెట్టింది. ఆమెకేమైనా అయితే నాకేం తెలుస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమె పట్టే నీళ్లు, పంపే గేటు పాసు, బుక్ చేసే గ్యాసు ఆగిపోయేవి కావని, వాటంతట అవే జరిగేవని అనుకున్నట్టున్నాను. ఇంకొకటి కూడా తోచింది. తెలిసి ఉండడం వేరు, తెరిచి చూడడం వేరు. వదిన ఫోను నా చేతిలో పెట్టి తెరవమంది, నేను తెరవలేకపోయాను. మా ఇంటామె తెరవమనలేదు, నేను తెరిచాను.

నాలుగో రోజు పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ తనే మాట్లాడింది.

"ఆ పాస్‌వర్డ్ మేనేజర్ నాకు గూడ కావాలె. మీదాంట్ల కాదు. నాది నాకు వేరె."

"సరే. ఈ ఆదివారం నీది నేను..."

"చేసుడు నేను చేస్త. ఎట్ల చెయ్యాల్నో చూపెట్టుండ్రి, సాలు."

ఆ ఆదివారం ఆమె లాప్‌టాప్ ముందర, నేను పక్కన స్టూలు మీద. ముందు వరుసలన్నిటినీ టెక్స్ట్‌గా మార్చమన్నాను. పైన పేర్లు అది అడిగినట్టే పెట్టమన్నాను. పాస్‌వర్డుల దగ్గరికి వచ్చేసరికి, "అటు తిరుగుండ్రి" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పది వరుసలు ఆమె కొట్టేంతసేపు బయట ఎదురు క్వార్టరు వాళ్లు సిమెంటు నేల మీద ఆరబోసిన వడియాలను చూస్తూ ఉన్నాను. కీబోర్డు చప్పుడును బట్టి ఏ అక్షరమో పోల్చుకోవాలని నా బుర్ర ఒకటి రెండు సార్లు ప్రయత్నించింది. దాన్ని ఆపడానికి వడియాలు లెక్కపెట్టాను.

నోట్సు అన్న నిలువు వరుసలో ఆమె తెలుగులో రాసుకుంది. గ్యాసు దగ్గర "బండి మంగళారం వస్తది", వాళ్లమ్మ పింఛను దగ్గర "వేలుముద్ర పడకుంటె కన్ను చూపెట్టాలె". నేను నా ఫైల్లో ఆ వరుసను ఖాళీగా వదిలేశాను. అది చూసి మళ్లీ నాది తెరిచి, ఆమెకు పనికొచ్చేటట్టు ఒక్కొక్కదానికి రెండు మాటలు రాసుకున్నాను. నేను మింగే బీపీ గోళీ పేరు ఆ దవాఖాన కార్డు వరుసలో పెట్టాను.

మొదలు మూడు వరుసలే పంపి చూడమని ఆ కంప్యూటర్ సెక్షన్ అమ్మాయి చెప్పింది. పంపితే అన్నీ వచ్చాయి గానీ తెలుగు నోట్సు మొత్తం ప్రశ్న గుర్తులై పోయాయి.

"ఇదేంది? నా తెలుగు తినేసింది."

ఫైలును సేవ్ చేసేటప్పుడు అన్ని భాషల అక్షరాలూ నిలిచే రకం ఎంచుకోవాలట. కామాలతో విడగొట్టే ఫైళ్లలో అది వేరే పేరుతో కింద ఎక్కడో ఉంది. నేను వెతుకుతుంటే ఆమెకే ముందు కనిపించింది. రెండోసారి గ్యాసు బండి మంగళారమే వచ్చింది. ఆ మూడు తీసేసి మొత్తం పది పంపింది. పది ఎక్కాయి. నా ఫైలు నేనూ అట్లనే నాదాంట్లోకి ఎక్కించాను.

"అయిపోయిందా?"

"ఇంకొకటుంది. ఈ ఫైలు తీసెయ్యాలె. దీంట్ల అన్నీ బయటికే ఉన్నయి, ఎవలు తెరిచినా కనవడ్తయి."

ముందు ఒక్కొక్క సైటు కొత్తదాంట్లోంచి తెరుచుకుంటోందో లేదో చూసుకుంది. తర్వాత తన ఫైలూ నా ఫైలూ తీసేసింది. చెత్తబుట్టలోంచి కూడా తీసేయమన్నాను. తీసేసింది. బ్రౌజరులో దాచుకున్నవి కూడా తుడిచేసింది, నావీ తనవీ. నేను నా ఫైలును వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, జల్ది ఫోను తీసి అదీ తుడిచేశాను. "గిట్లనా మీ జాగ్రత్త?" అంది. తొమ్మిది రోజుల తర్వాత ఆమె గొంతులో మొదటిసారి వేళాకోళం వినిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇద్దరం మా మా పెద్ద పాస్‌వర్డులను చెరొక కాగితం మీద రాసి, చెరొక కవరులో పెట్టి అంటించాం. అంటించిన చోట సంతకం పెట్టాం. రెండూ బీరువాలో బట్టల కింద ఉన్నాయి. ఏదన్నా జరిగితేనే తెరవాలె, తెరిస్తే కవరు చిరుగుతుంది, చిరిగితే తెలుస్తుంది. ఈ పద్ధతి ఆమే చెప్పింది. ఇప్పటిదాకా రెండూ చిరగలేదు.

నవ్విన సంగతికి నేను క్షమాపణ లాంటిది చెప్పాలనుకున్నాను. మాటలు కూర్చుకుని రెండు మూడు సార్లు వంటింటి గుమ్మం దాకా పోయాను. ఒకసారి ఆమే, "ఏంది, ఏమన్న కావాల్నా?" అని అడిగింది. "ఆదివారం నీ క్లాసున్నది గద. అన్నం నేను వండుతా" అన్నాను. "పప్పు మాడగొట్టకుండ్రి" అంది. మొదటి ఆదివారం మాడగొట్టాను. రెండో ఆదివారం ఉప్పు మరిచిపోయాను. మూడో ఆదివారం సాయంత్రం సంఘంలో ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న చరిత్ర పుస్తకం నా ముందర పెట్టి, "ప్రశ్నలు అడుగుండ్రి" అంది. నేను చదివి అడిగాను, ఆమె పిండి కలుపుతూ చెప్పింది. ఎక్కడైనా తడబడితే నేను అందించబోయేవాణ్ణి. "ఆగుండ్రి, నాకు వస్తది" అనేది. ఆగడం నేర్చుకోవడానికి నాకు చానా రోజులు పట్టింది.

మే నెలలో ఆఖరు సంవత్సరం పరీక్షలు. సెంటరు పెద్దపల్లిలో పడింది. బస్సులో పోతా అంది, నేను సెలవు పెట్టి స్కూటరు తీశాను. మా రామగుండం వైపు ఎండ సంగతి తెలిసిందే. పొద్దున తొమ్మిదికే రోడ్డు మెరుస్తోంది. గేటు దగ్గర ఆమెను దింపి, నీళ్ల సీసా, హాల్‌టికెట్ చేతికిచ్చి, ఎదురుగా జిరాక్స్ షాపు రేకుల నీడలో నిలబడ్డాను. నా లాంటివాళ్లు అక్కడ పది మంది దాకా ఉన్నారు. పక్కనున్న పెద్దాయన తువ్వాలతో విసురుకుంటూ అడిగాడు.

"బిడ్డ రాస్తున్నదా?"

"కాదు. మా ఇంటామె."

ఆయన నన్ను ఒకసారి పైకీ కిందికీ చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఏం పరీక్ష?" అన్నాడు.

"చరిత్ర. ఆధునిక భారతదేశం."

"మా కోడలుది గూడ గదే" అని, జరిగి నాకు నీడలో కొంచెం చోటిచ్చాడు.

మూడు గంటల తర్వాత వేళ్లకు సిరాతో బయటికొచ్చింది. ఎట్ల రాసినవంటే, మూడు మంచిగ రాసిన, ఒకటి ఇడిశిపెట్టిన అంది. (ఆ పేపరు అప్పుడు పోయింది. నవంబరులో మళ్లీ కట్టి పాసైంది.) కొంగు తలకు చుట్టుకుని స్కూటరు వెనక కూర్చుంది. ఊరు దాటాక, ఏ ప్రశ్న ఇడిశిపెట్టినవ్ అని అడిగాను. చెప్పింది. అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పమన్నాను. బొగ్గు లారీల చప్పుడులో సగం వినపడలేదు. స్కూటరు రోడ్డు పక్కకు తీసి, స్పీడు తగ్గించి, తల కొంచెం వెనక్కి వంచి విన్నాను. కౌలు రైతుల తిరుగుబాటు ఒకటి మొదలుపెట్టి, ఎందుకు వచ్చిందో, ఎవరు అణిచారో ఇల్లు చేరే దాకా చెబుతూనే ఉంది.